బెంగళూరులో స్లైసర్ శనివారాలు

మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపు నుంచి బెంగళూరు ఆసుపత్రులకు వచ్చేవాళ్ల చేతిలో ఒక పెద్ద కవరు తప్పకుండా ఉంటుంది. అందులో ఫిల్ముల కట్ట, రెండు పేజీల రిపోర్టు, వాటి మధ్య ఎక్కడో గీతలు పడిన ఒక సీడీ ఉంటాయి. మా ఇల్లు కె.ఆర్.పురం రైల్వే స్టేషనుకు దగ్గర కావడం వల్ల ఇలాంటి కవర్లు ఏళ్ల తరబడి మా టీపాయి మీదకు వస్తూనే ఉన్నాయి. మూడేళ్ల కిందట మా మేనమామ తెచ్చిన కవరులో ఆయన తలకు తీసిన సీటీ స్కాను సీడీ ఉంది. దానిలో స్కానింగ్ సెంటరు వాళ్లు పెట్టిన వ్యూయర్ ప్రోగ్రాము విండోస్‌లో తప్ప తెరుచుకోదు, నా దగ్గర ఉన్నది లినక్స్ ల్యాప్‌టాప్. "నీ పనే కంప్యూటర్ల పని కదా అల్లుడూ, ఇందులో ఏముందో ఒకసారి చూపించు" అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఆ రాత్రి వైద్య స్కాన్లను తెరిచి చూపే త్రీడీ స్లైసర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేసి, సీడీలోని ఫోల్డరును అందులోకి లాగి వదిలాను. తలను అడ్డంగా, ఎదుటి నుంచి, పక్క నుంచి కోసి చూపే మూడు గళ్లు తెరనిండా పరచుకున్నాయి. మామయ్య కళ్లజోడు పెట్టుకుని, మౌస్ చక్రాన్ని తానే తిప్పుతూ, నడినెత్తి నుంచి దవడ దాకా తన తలను పొరలు పొరలుగా చూసుకున్నారు. ఇది చూసి చెప్పవలసింది డాక్టరేనని నేను ముందే చెప్పాను, ఆయనా ఒప్పుకున్నారు. అయినా తన డబ్బుతో తీయించుకున్న, తన ఒంటికి సంబంధించిన బొమ్మను తానే తెరిచి చూడగలగడం ఆయనకు ఎంత తృప్తినిచ్చిందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్‌ను నలుగురికీ చేర్చాలన్న ఆలోచన నాకు ఆ రాత్రే వచ్చింది. చేర్చడమంటే ఏమిటో అర్థం కావడానికి మాత్రం ఇంకో ఏడాదిన్నర పట్టింది.

స్కానింగ్ సెంటర్లు ఇచ్చే ఫైళ్లలో నిజానికి రహస్యమేమీ లేదు. అమెరికాలోని రేడియాలజిస్టుల సంఘం, విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం కలిసి 1985లో విడుదల చేసిన ప్రమాణమే పెరిగి పెద్దదై 1993లో డైకామ్ అనే పేరు తెచ్చుకుంది. డైకామ్ ఫైలులో మొదటి 128 బైట్లను పీఠికగా వదిలేస్తారు, వెంటనే డి, ఐ, సి, ఎం అనే నాలుగు అక్షరాలు వస్తాయి, ఆ తర్వాత రోగి పేరు, పుట్టిన తేదీ, పొర మందం, యంత్రం వివరాలు ఒక్కొక్కటీ తమకు కేటాయించిన సంఖ్య కింద నమోదై ఉంటాయి, వాటి తర్వాత బొమ్మ ఉంటుంది. సీటీ బొమ్మలోని ప్రతి చుక్కకూ ఒక విలువ ఉంటుంది. నీటిని సున్నాగా, గాలిని మైనస్ 1000గా తీసుకున్న ఆ కొలమానానికి, సీటీ యంత్రాన్ని రూపొందించి 1979లో నోబెల్ బహుమతి పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. ఈ నియమాలన్నీ ఎవరైనా చదువుకోగలిగేలా ప్రచురించారు కాబట్టే ఒక కంపెనీ యంత్రంలో తీసిన స్కానును వేరెవరో రాసిన ప్రోగ్రాములో తెరవగలుగుతున్నాం.

స్లైసర్ 1998లో బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రికీ, ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకూ మధ్య ఒక మాస్టర్స్ విద్యార్థి పరిశోధనగా మొదలైంది. దాని అడుగున వీటీకే, ఐటీకే అనే రెండు కోడ్ పునాదులు ఉన్నాయి. బొమ్మను తెర మీద గీసి చూపే పని 1993లో మొదలైన వీటీకేది. బొమ్మలోని అవయవాలను విడదీయడం, రెండు స్కాన్లను ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చడం వంటి లెక్కల పని ఐటీకేది, దీన్ని అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1999లో ప్రజాధనంతో మొదలుపెట్టించింది. స్లైసర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ తెరిచి మార్చుకోవచ్చు, తాము అమ్మే సరుకులో కూడా కలుపుకోవచ్చు. అయితే ఇది పరిశోధన కోసం ఉద్దేశించినదే తప్ప రోగికి చికిత్స నిర్ణయించడానికి ఆమోదం పొందిన పరికరం కాదు. మన దేశంలోనూ 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య అవసరాలకు ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ వైద్య పరికరాల నిర్వచనం కిందికే వస్తుంది. మా ప్రతి సమావేశంలోనూ ఈ సంగతి మొదటి పది నిమిషాల్లోనే చెబుతాను, ఎందుకంటే ఆలస్యంగా చెబితే అప్పటికే ఎవరో ఒకరు తమ ఇంటివాళ్ల స్కానులో గడ్డల కోసం వెతకడం మొదలుపెడతారు.

మొదటి కార్యశాలను నగర శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో పెట్టాను. నలభై మంది వచ్చారు. ఇన్‌స్టాల్ చేయడానికే గంటన్నర పట్టింది, ఎందుకంటే నలభై మందీ ఒకేసారి కొన్ని వందల మెగాబైట్ల ఫైలును దించుకోబోయేసరికి వైఫై చతికిలపడింది. మిగిలిన సమయంలో నేను తెర మీద ఒక బటను నొక్కుతూ పోయాను, వాళ్లు తమ తెరల మీద అదే బటను నొక్కుతూ వచ్చారు. సాయంత్రానికి అందరి దగ్గరా ఎముకలకు పసుపు రంగు వచ్చింది, అందరికీ సర్టిఫికెట్లు అందాయి, గ్రూప్ ఫొటో కూడా తీసుకున్నాం. రెండు నెలల తర్వాత వాట్సాప్‌లో అడిగితే మళ్లీ స్లైసర్ తెరిచినవాళ్లు ఇద్దరే తేలారు. ఆ ఇద్దరికీ తమదంటూ ఒక అవసరం ఉంది. ఒకమ్మాయి తన చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఊపిరితిత్తుల పరిమాణం కొలవాలి, ఇంకొకతను పాత ఎమ్మారై ఫైళ్లను వేరే రూపంలోకి మార్చాలి. వంట చూపించడం వేరు, గరిటె చేతికివ్వడం వేరు అని నాకు అర్థమైంది అప్పుడే.

రెండోసారి నుంచి పద్ధతి మార్చాను. సాఫ్ట్‌వేర్‌ను, నమూనా స్కాన్లను ముందే పది పెన్‌డ్రైవుల్లో ఎక్కించి ఉంచాను. పదిహేను మందికి మించి పిలవలేదు. ప్రతి ఒక్కరూ తమ పనిలో తమను ఇబ్బంది పెడుతున్న ఒక సమస్యను రెండు వాక్యాల్లో రాసి తేవాలని నియమం పెట్టాను. అలా వచ్చినవాళ్లలో ఒక దంతవైద్యుడు, ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు, హిందూపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఒక స్కానింగ్ సెంటరులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్న ఒక యువతి, ఇద్దరు ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. కబురు మా ఊళ్లవాళ్ల ద్వారానే పాకింది కాబట్టి ఎక్కువమంది తెలుగువాళ్లే, కన్నడం మాట్లాడేవాళ్లు నలుగురు, మధ్యాహ్నానికల్లా రెండు భాషలూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. అభ్యాసానికి స్లైసర్ నమూనా డేటాలో దొరికే తల ఎమ్మారైని వాడాం. అది 256 వరుసలు, 256 నిలువు వరుసలు, 130 పొరలు ఉన్న చిన్న ఫైలు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాపులో కూడా కదులుతుంది. కొత్తవాళ్ల చేతికి మొదటి గంటలోనే పెద్ద ఛాతీ స్కాను ఇచ్చి, యంత్రం బిగుసుకుపోయి, వాళ్లు నిరుత్సాహపడటం నేను మొదటి కార్యశాలలో చూశాను, అందుకే ఈ జాగ్రత్త.

టెక్నీషియన్ తెచ్చిన సమస్య విచిత్రంగా ఉంది. కొన్ని తల స్కాన్లను మూడు కొలతల్లో నిలబెడితే, తలంతా ముందుకో వెనక్కో ఒరిగి, గాలికి వంగిన చెట్టులా కనబడుతోంది. ఒక్కొక్క పొర చూస్తే మాత్రం తప్పేమీ లేదు. యంత్రం పాడైందా, ఫైలు పాడైందా అని ఆమె వాళ్ల సెంటరులో అడిగితే జవాబు చెప్పినవాళ్లు లేరు. కారణం ఆమె రోజూ చేసే పనిలోనే ఉంది. తల స్కాను తీసేటప్పుడు కంటి కటకం మీద కిరణాలు పడకుండా యంత్రపు గుండ్రటి చట్రాన్ని కొద్దిగా వంచుతారు, దాన్నే గ్యాంట్రీ టిల్ట్ అంటారు. పొరలన్నీ ఏటవాలుగా తీసినవైతే, ప్రోగ్రాము వాటిని ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా పేర్చేసరికి తల ఒరుగుతుంది. పొరల అమరిక క్రమంగా లేదని స్లైసర్ ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది, మేమే చదవలేదు. సెట్టింగుల్లో డైకామ్ విభాగంలోకి వెళ్లి అమరికను సరిచేసే ఎంపికను మార్చి ఫైలును మళ్లీ తెరవగానే తల నిటారుగా నిలబడింది. ఎక్కడో, ఎవరికో ఇదే బాధ మునుపే వచ్చింది, వాళ్లు దాన్ని తీర్చుకుని ఊరుకోకుండా తర్వాత వచ్చేవాళ్ల కోసం కోడ్‌లో వదిలి వెళ్లారు. ఆ కోడ్ ఉన్న ఫైలును, కోడ్‌ను అందరికీ కనబడేలా ఉంచే గిట్‌హబ్ సైటులో తెరిచి ఆమెకు చూపించాను. అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమె చాలాసేపు దాన్ని పైనుంచి కిందికి చదువుతూ కూర్చుంది.

ఆ సరిచేసిన తల మీదనే ఆ రోజు ఇంకో పాఠం నేర్చుకున్నాం, అది నా తప్పు వల్ల జరిగింది కాబట్టి దాచకుండా చెబుతాను. ఆమె ఫైళ్లలో పేరు, నంబరు, పుట్టిన తేదీ అన్నీ చెరిపేసి తెచ్చింది, నేను కూడా సరిచూశాను, ఇక భయం లేదనుకున్నాను. మూడు కొలతల చిత్రీకరణలో పారదర్శకతను సరిచేసే గీతను ఎముక నుంచి చర్మం వైపు జరుపుతుంటే తెర మీద ముందు పుర్రె, తర్వాత బూడిద రంగులో ఒక మనిషి ముఖం నెమ్మదిగా పైకి వచ్చింది. కనురెప్పలు, మూసిన పెదవులు, ముక్కు పక్కన ఒక చిన్న బొడిపె దాకా కనబడుతున్నాయి. గదిలో అందరూ మాట్లాడటం ఆపేశారు. "అన్నా, ఈ మనిషి మా సెంటరుకు వచ్చినాయన, నేను గుర్తుపడతాండా" అని ఆమె మెల్లగా అంది. నేను వెంటనే ల్యాప్‌టాప్ మూసేశాను.

పేరు చెరిపితే సరిపోదని నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు, కళ్లతో చూడటం అదే మొదలు. తల స్కానులో ముఖం ఉంటుంది, అల్ట్రాసౌండు బొమ్మల్లో చాలాసార్లు రోగి పేరు బొమ్మ మీదే అచ్చై ఉంటుంది, ఫైలులో నమోదైన వివరాల్లో (ట్యాగుల్లో) దేన్ని చెరిపినా అది పోదు. ఏయే వివరాలను ఎలా తీసివేయాలో డైకామ్ ప్రమాణం 15వ భాగంలో పట్టికలు వేసి మరీ చెప్పారు, మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. ఆనాటి నుంచి మా నియమం ఇది: రోగి రాతపూర్వక అనుమతి లేని స్కాను గదిలోకి రాకూడదు, తల స్కానైతే ముఖం భాగాన్ని కత్తిరించిన తర్వాతే రావాలి, మిగతా అన్నింటికీ బహిరంగంగా దొరికే నమూనాలే వాడాలి. ఈ నియమం వల్ల కొందరు రావడం మానేశారు. వాళ్లు రాకపోయినా పర్వాలేదనే నా అభిప్రాయం.

బెంగళూరులో ప్రోగ్రామర్లు కలిసి కూర్చునే సందర్భాలకు కొదవ లేదు, ప్రతి వారాంతంలోనూ ఎక్కడో ఒక హ్యాకథాన్ ఉంటుంది. ఇరవై నాలుగు గంటలు నిద్ర మానుకుని ఏదో ఒకటి నిలబెట్టి, న్యాయనిర్ణేతల ముందు అయిదు నిమిషాలు చూపించి, బహుమతి వచ్చినా రాకపోయినా ఆ కోడ్‌ను అక్కడే వదిలేసి రావడం నేనూ చాలాసార్లు చేశాను. వైద్య చిత్రాల పనికి ఆ పద్ధతి పనికిరాదని నా గట్టి నమ్మకం. ఇందుకు నేను ఆదర్శంగా తీసుకున్నది ప్రాజెక్ట్ వీక్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో 2004లో ఏర్పడిన నామిక్ అనే కూటమి 2005 నుంచి దీన్ని నడుపుతూ వచ్చింది. ఏడాదికి రెండుసార్లు, ఒక వారం పాటు, డాక్టర్లూ ప్రోగ్రామర్లూ తమ తమ ప్రాజెక్టులతో వచ్చి ఒకే హాలులో పక్కపక్కన కూర్చుని పనిచేస్తారు. అక్కడ పోటీ ఉండదు. ప్రతి ప్రాజెక్టుకూ ఒక పేజీ ఉంటుంది, అందులో లక్ష్యం, ప్రణాళిక, జరిగిన పని, తర్వాతి అడుగులు రాస్తారు. సోమవారం అందరూ తమ పని చెప్పుకుంటారు, శుక్రవారం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకుంటారు. పూర్తి కాకపోతే కాలేదనే చెబుతారు.

మాకు వారం రోజులు దొరకవు కాబట్టి శని, ఆదివారాలు రెండూ కలిపి, ఆ పేజీ పద్ధతిని మాత్రం ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాం. మొదటిసారి కోడ్ రాయబోయేవాళ్లకు ఒక మాట చెప్పాలి. స్లైసర్ మొత్తాన్ని దాని సీ ప్లస్ ప్లస్ కోడ్ నుంచి కట్టుకోబోతే మామూలు ల్యాప్‌టాపులో గంటలు గంటలు పడుతుంది, ఆదివారం సాయంత్రానికి చేతిలో ఏమీ ఉండదు. పైథాన్ భాషలో రాసి స్లైసర్‌కు తగిలించే చిన్న భాగానికి, అంటే మాడ్యూలుకు, ఆ బాధ లేదు. డెవలపర్ మోడ్ పెట్టుకుని, ఎక్స్‌టెన్షన్ విజర్డ్‌తో ఖాళీ మాడ్యూలును సృష్టించి, కోడ్ మార్చిన ప్రతిసారీ రీలోడ్ బటను నొక్కితే చాలు, ప్రోగ్రామును మూసి తెరవనక్కర్లేదు. అరగంటలో తమ బటను తాము తెర మీద చూసుకున్న విద్యార్థి ఇక లేవడు.

దంతవైద్యుడు తెచ్చిన పని కింది దవడ నమూనాలను ప్లాస్టిక్‌లో ముద్రించడం. అనుమతి తీసుకున్న స్కాన్లు కొన్ని ఆయన దగ్గర ఉన్నాయి, ఒక్కొక్కటీ తెరిచి చేసుకోవడానికి తీరిక లేదు, అన్నీ తమంతట తామే తయారయ్యే స్క్రిప్టు కావాలి. ఒక మూడో సంవత్సరం విద్యార్థి ఆ పని తలకెత్తుకున్నాడు. స్కానులోని విలువలను పైథాన్ అరేగా, అంటే సంఖ్యల పట్టికగా తీసుకుని, మార్చింగ్ క్యూబ్స్ పద్ధతిలో ఎముక ఉపరితలాన్ని త్రికోణాలుగా మార్చి ఫైలు రాశాడు. ఆ పద్ధతిని 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే లోరెన్సన్, క్లైన్ ప్రచురించారు, అదే లోరెన్సన్ తర్వాత వీటీకే సృష్టికర్తల్లో ఒకరయ్యారు. శనివారం రాత్రికి దవడ తయారైంది, నున్నగా, ఎంతో అందంగా వచ్చింది, అందరం చప్పట్లు కొట్టాం. ఆదివారం పొద్దున డాక్టరుగారు దాన్ని తెర మీద రెండుసార్లు తిప్పి చూసి, "బాబూ, నేను జ్ఞానదంతం తీసింది ఎడమవైపు, ఇక్కడ ఖాళీ కుడివైపు ఉందేమిటి?" అని అడిగారు.

ఆ ప్రశ్న మా ఆదివారాన్నంతా తినేసింది. మొదటి అనుమానం దిక్కుల మీదికి పోయింది. డైకామ్‌లో రోగి ఎడమకూ వీపుకూ సంఖ్యలు పెరుగుతాయి, స్లైసర్ లోపల కుడికీ ఛాతీకీ పెరుగుతాయి, కాబట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లేటప్పుడు మొదటి రెండు సంఖ్యల గుర్తులు మార్చాలి. గుర్తులు మార్చి మార్చి చూశాం. రెండూ కలిసి మారితే దవడ సగం చుట్టు తిరుగుతుందే తప్ప ఎడమ కుడి కాదు. అలా మధ్యాహ్నం దాటింది. చివరికి ఫిజియోథెరపిస్టు ఒకరు, కోడ్ తెలియని మనిషి, "అరేలో మొదట ఉండేది ఏ సంఖ్య?" అని మామూలుగా అడిగినప్పుడు గుట్టు విడింది. పైథాన్ అరేలో మొదట పొర, తర్వాత వరుస, చివర నిలువు వరుస వస్తాయి. మావాడు ఆ మూడింటినీ అదే క్రమంలో ఎక్స్, వై, జెడ్ అనుకుని రాసేశాడు. మొదటిదీ చివరిదీ తారుమారయ్యేసరికి దవడ అద్దంలోని బొమ్మ అయిపోయింది. దవడ రెండు పక్కలా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ పన్ను లేకపోయి ఉంటే మాలో ఎవరూ కనిపెట్టలేకపోయేవాళ్లం.

ఆ విద్యార్థి కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, ప్లాస్టిక్ కాకముందే దొరికింది కదా అన్నారు. మళ్లీ ఈ పొరపాటు ఎవరూ చేయకుండా ఒక పరీక్ష రాయాలని అప్పుడే అనుకున్నాం. ఒక కృత్రిమ స్కాను తయారుచేసి, అందులో పలుచని పలక మీద ఒకవైపు మాత్రమే ఉబ్బెత్తుగా "శ్రీ" అని పెట్టాం. స్క్రిప్టు సరిగ్గా ఉంటే శ్రీ చదవవచ్చు, ఎడమ కుడి తారుమారైతే చదవలేం, దానికి డాక్టరూ అక్కర్లేదు, ప్రోగ్రామరూ అక్కర్లేదు. ఎడమ, కుడి విలువలను యంత్రమే పోల్చి చూసే నాలుగు వరుసల కోడ్ కూడా పక్కనే పెట్టాం.

భోజనాల దగ్గర తెలుగు మాటల చర్చ లేచింది. స్లైసర్ మాటలను రకరకాల భాషల్లోకి తెచ్చే పని వెబ్లేట్ అనే అనువాద వేదికలో బహిరంగంగా సాగుతోంది, మనమూ కొన్ని పదాలు అనుకుందామని మొదలుపెట్టాం. నిఘంటువు చూస్తే రిజిస్ట్రేషన్‌కు నమోదు అని ఉంది, అది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగే పని, రెండు స్కాన్లను ఒకదాని మీద ఒకటి కూర్చే పనికి జతకూర్పు అన్న మాటే అందరికీ నచ్చింది. పొరలన్నీ కలిసిన స్కాను బొమ్మను స్లైసర్ వాల్యూమ్ అంటుంది, దాన్ని ఏమనాలో తేలలేదు, ఘనపరిమాణం అంటే కొలత అవుతుంది, వస్తువు కాదు. స్లైస్‌కు పొర అనేది ఎవరూ చెప్పకుండానే అందరి నోటా వచ్చేసింది. బొమ్మలో అవయవాలను విడదీసే సెగ్మెంటేషన్‌ను మా టెక్నీషియన్ మొదటి నుంచీ "రంగు పూయడం" అంటోంది, తెర మీద జరిగేది అదే కదా అని ఆమె వాదన.

డాక్టరుగారు తర్వాతి వారం ఆ శ్రీ పలకను తెల్లని ప్లాస్టిక్‌లో రెండు ప్రతులు ముద్రించి తెచ్చారు. ఒకటి మా పెన్‌డ్రైవుల డబ్బాలో ఉంటుంది. రెండోదాన్ని టెక్నీషియన్ అడిగి తీసుకుంది. వచ్చే నెలలో హిందూపురంలో తనకు తెలిసిన ఆరుగురు టెక్నీషియన్లను కూర్చోబెట్టి గ్యాంట్రీ టిల్ట్ సంగతి చెబుతానంటోంది, గది దొరికింది, ప్రొజెక్టరు ఇంకా దొరకలేదు.